డ్రైవర్ అడగని మిక్సరే మనకు కావాలి



వచ్చే కార్యవర్గ సమావేశంలో కొత్త మిక్సర్ కొనే విషయం చర్చకు రానుంది. పెద్దల మాటలు, పద్యాలు, పాటలు రికార్డు చేద్దామని అందరం ఒప్పుకున్నదే. ఏ కంపెనీది కొనాలి, ఎంతలో కొనాలి అని గ్రూపులో చాలామంది రాశారు. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కంప్యూటర్‌కు తగిలించగానే, వేరే ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా అది పనిచేస్తుందా? పనిచేయకపోతే ఎంత చవకగా వచ్చినా వద్దని నా అభిప్రాయం.

మన ఆఫీసు గదిలో బీరువా మీదున్న పాత మిక్సర్ చాలామందికి తెలుసు. దాంట్లో ఒక్క బటన్ కూడా చెడిపోలేదు. స్పీకర్లకు తగిలిస్తే ఇప్పటికీ మోగుతుంది. కంప్యూటర్‌కు తగిలిస్తే మాత్రం ఉలకదు, పలకదు. దాని డ్రైవర్‌ను తయారీదారు విండోస్ 7తో ఆపేశాడు. చందాల డబ్బుతో కొన్న వస్తువు, ఏ లోపమూ లేకుండానే మూలన పడింది.

ఇలా జరగకుండా ఉండటానికే యూఎస్‌బీ ఆడియో క్లాస్ అనే ఉమ్మడి ప్రమాణం ఉంది. ఏ కంపెనీ ఇస్త్రీపెట్టె అయినా మన ఇంటి సాకెట్‌లో పనిచేసినట్టు, ఈ ప్రమాణం పాటించిన ఏ మైకైనా, మిక్సరైనా కంప్యూటర్‌లో ముందే ఉన్న డ్రైవర్‌తో నడుస్తుంది. మొదటి ప్రమాణం 1998లో వచ్చింది, రెండోది 2006లో. మ్యాక్, లినక్స్ 2010 ప్రాంతంలోనే రెండోదాన్ని తమలో కలుపుకున్నాయి. విండోస్‌లోకి అది 2017లో, విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్‌తో వచ్చింది. మధ్యలో ఉన్న ఆ పదకొండేళ్లూ విండోస్ కోసం ప్రతి కంపెనీ సొంత డ్రైవర్ రాసుకోవాల్సి వచ్చింది. ఆ కంపెనీకి ఓపిక తగ్గిన రోజే మన వస్తువుకు ఆయుష్షు తీరినట్టు.

మొదటి ప్రమాణం చాలదా అని అడగొచ్చు. ఒకరి ప్రసంగానికి చాలు. బుర్రకథ దళానికో, భజన బృందానికో ఎనిమిది మైకులు పెట్టి, ఒక్కొక్కటి విడిగా రికార్డు చేయాలంటే లెక్క మారుతుంది. ఒక్కో మైకు నుంచి సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కో నమూనా 24 బిట్లు. ఎనిమిదింటికి కలిపి సెకనుకు 92 లక్షల బిట్లు దాటుతుంది. పాత ప్రమాణం నడిచే వేగంలో ఒక ఆడియో ప్రవాహానికి దొరికేది సుమారు 82 లక్షలే. అందుకే రెండో ప్రమాణం ఉన్నదే చూడాలి.

సొంత డ్రైవర్ ఉంటే ఆలస్యం తక్కువగా ఉంటుందని సంగీతం తెలిసిన మిత్రులు అంటున్నారు. నిజమే. పాడుతూ తన గొంతు కంప్యూటర్ ద్వారానే వినాలనుకునేవారికి అది ముఖ్యం. మనకు మిక్సర్‌కే హెడ్‌ఫోన్ తగిలించి వినే వీలుంది, అక్కడ ఆ ఆలస్యం ఉండదు. కంపెనీ డ్రైవర్ కూడా ఇస్తే మంచిదే, వాడుకుందాం. అది లేకపోతే కదలని వస్తువు మాత్రం మనకొద్దు.

ఇంకో లాభం ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు పనికిరాని పాత ల్యాప్‌టాప్‌లు సభ్యుల ఇళ్లలో ఉండే ఉంటాయి. వాటిలో లినక్స్ వేస్తే, ప్రమాణం పాటించే మిక్సర్‌తో రికార్డింగ్‌కు చక్కగా సరిపోతాయి. కొత్త ల్యాప్‌టాప్ ఖర్చు మిగులుతుంది. పైగా మనకు ఏటా కొత్త వాలంటీర్లు వస్తారు. ఎవరొచ్చినా తగిలించి పని మొదలుపెట్టగలగాలి.

ఇదంతా ఎందుకంటే, మనం రికార్డు చేయబోయేది మళ్లీ దొరికేది కాదు. బెంగళూరు, కోలారు, హోసూరు ప్రాంతం పాతకాలపు మొరసునాడు. ఇక్కడి తెలుగు నిన్నా మొన్నా వలస వచ్చింది కాదు, తరాలుగా ఇక్కడి ఇళ్లలో పెరిగింది. దాని యాస, సామెతలు, పెళ్లిపాటలు ఇప్పుడు ఎక్కువగా పెద్దవాళ్ల నోట్లోనే ఉన్నాయి. పిల్లలు కన్నడ, ఇంగ్లీషుల్లో చదువుకుంటున్నారు. ఎనభై ఏళ్ల అవ్వ పాడటానికి కూర్చున్నాక, డ్రైవర్ దొరకలేదు, వచ్చేవారం రండి అని చెప్పలేం.

కాబట్టి కార్యవర్గానికి నా విన్నపం ఇది. ఎస్‌పీ రోడ్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 పాటిస్తుందని ముందు చూడండి. యూఎస్‌బీ ద్వారా మైకులన్నీ విడివిడిగా వస్తాయా, కలిపి రెండే వస్తాయా అని అడగండి. డబ్బు కట్టేముందు మన ల్యాప్‌టాప్ తీసుకెళ్లి, ఇంటర్నెట్ ఆపేసి, తగిలించి, ఐదు నిమిషాలు రికార్డు చేసి వినండి. అంగడివాళ్లు ఒప్పుకోకపోతే ఇంకో అంగడికి వెళదాం. ఆన్‌లైన్ అయితే వెనక్కి ఇచ్చే గడువులోపే ఈ పరీక్ష చేద్దాం. సభ్యులెవరైనా వెంట రమ్మంటే ఏ ఆదివారమైనా నేను సిద్ధం.