సంక్రాంతి రిలీజు... తలనొప్పి హౌస్‌ఫుల్!

సంక్రాంతి వచ్చిందంటే మన విశాఖలో మూడు చోట్ల క్యూ తప్పదు. ద్వారకా బస్‌స్టేషన్‌లో శ్రీకాకుళం, విజయనగరం బస్సుల దగ్గర ఒకటి. జగదాంబ సెంటర్లో కొత్త బొమ్మ దగ్గర ఒకటి. మూడోది మందుల షాపు దగ్గర! మొదటి రెండింటి గురించి అందరూ రాస్తారు. మూడో క్యూలో నుంచునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి గనక, ఈ వారం దాని సంగతి.

పార్శ్వపు నొప్పి అనండి, ఒంటి తలనొప్పి అనండి, డాక్టరుగారిలాగా మైగ్రేన్ అనండి... విలన్ ఒక్కడే! ఈయనగారి రాక కూడా అచ్చు సినిమా ఫక్కీలోనే ఉంటుంది. ముందు ట్రైలరు. నొప్పికి కొన్ని గంటల ముందు, ఒక్కోసారి ముందు రోజే, ఊరికే ఆవలింతలు, మెడ పట్టేయడం, తీపి మీదకు మనసు పోవడం, అకారణంగా చిరాకు. తర్వాత టైటిల్సు. కళ్ళ ముందు మెరుపులు, వంకర టింకర గీతలు. ఇవి అందరికీ పడవు, కొందరికే. ఆ తర్వాత అసలు బొమ్మ. తలలో ఒకవైపు సమ్మెట పోట్లు, వికారం, వెలుతురు చూడలేకపోవడం, చప్పుడు భరించలేకపోవడం. ఆట నిడివి 4 గంటల నుంచి 72 గంటల దాకా. అంటే మూడు గంటల సినిమాలు వరసపెట్టి 24 అన్నమాట! అయిపోయాక కూడా ఒక రోజు ఒళ్ళంతా పిండేసినట్టుంటుంది.

మరి పండగలకే ఎందుకు విజృంభిస్తాడు? మైగ్రేన్ ఉన్న మెదడుకి మార్పు గిట్టదు. నిద్ర వేళ మారినా, తిండి వేళ తప్పినా, కాఫీ ఆలస్యమైనా అలిగి కూర్చుంటుంది. మన ఊళ్ళో సీజను మార్గశిరంలోనే మొదలు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గురువారాలకి రాత్రి నిద్ర మానుకుని క్యూ, దర్శనమయ్యేదాకా ఖాళీ కడుపు. తర్వాత కొత్త సంవత్సరం అర్ధరాత్రి సంబరాలు. ఆ తర్వాత తెల్లారకముందే భోగిమంట, దాని పొగ. వీటి మధ్యలో కొత్త సినిమాలు! 2020లో జనవరి 11న ‘సరిలేరు నీకెవ్వరు’, 12న ‘అల వైకుంఠపురములో’. 2023లో 12న ‘వీరసింహారెడ్డి’, 13న ‘వాల్తేరు వీరయ్య’. వాల్తేరు పేరు పెట్టుకుని వచ్చిన బొమ్మని మనవాళ్ళు నిదానంగా చూస్తామంటారా? కోడి కూయకముందే బెనిఫిట్ షోకి పరుగు!

ఉక్కునగరంలో మా మిత్రుడొకాయన ఉన్నాడు. పండగైనా పబ్బమైనా బ్లాస్ట్ ఫర్నేసు ఆగదు గదా! ఆయన రాత్రి షిఫ్టు దిగి తిన్నగా మార్నింగ్ షోకి పోతాడు. “ఏం గురూ, తల ఎలా ఉంది?” అంటే “ఇంటర్వెల్ దాకా బాగుంది” అంటాడు. నిద్ర లేదు, టిఫిను లేదు, ఎదురుగా మెరిసే లైట్లు, వెనక ఈలలు. తల నొప్పెట్టకపోతేనే ఆశ్చర్యం!

ఇవన్నీ మగమహారాజుల ముచ్చట్లు. అసలు బాధ వంటింట్లో ఉంది. ఈ జబ్బు మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. పండగ రోజున అందరికంటే ముందు లేచేదీ, అరిసెల మూకుడు ముందు వేడిలో, నూనె వాసనలో నుంచునేదీ, అందరికీ వడ్డించి ఆఖర్న తినేదీ ఎవరు? మా వదిన ఓ సంక్రాంతికి తలకి గుడ్డ కట్టుకుని చీకటి గదిలో పడుకుంటే, చుట్టపుచూపుగా వచ్చిన పెద్దావిడొకరు “పండగ పూట ఈ వేషాలేమిటమ్మా?” అనేశారు. వేషం కాదండీ, జబ్బు! ఈ నొప్పికి మూలాలు వెదికి, నరాల దగ్గర విడుదలయ్యే సీజీఆర్‌పీ అనే పదార్థం పాత్రని తేల్చిన నలుగురు శాస్త్రవేత్తలకు 2021లో బ్రెయిన్ ప్రైజు ఇచ్చారు. ఇంట్లోవాళ్ళు అంత కష్టపడనక్కర్లేదు. పండగనాడు ఆవిడకి వేళకి నాలుగు ఇడ్లీలు పెట్టి, పొయ్యి దగ్గర ఓ గంట మీరు నుంచుంటే చాలు.

ఇక మూడో క్యూ సంగతి. మాత్ర నొప్పి మొదలవగానే వేసుకుంటే పనిచేస్తుంది, ముదిరాక అంతగా పనిచేయదు. నిజమే. కానీ “ఎందుకైనా మంచిది” అని రోజూ వేసుకుంటే ఆ మాత్రే కొత్త తలనొప్పిని తెచ్చిపెడుతుంది! పారాసిటమాల్ లాంటి మామూలు మాత్రలు నెలకి 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు గాని, ట్రిప్టాన్‌లు గాని నెలకి 10 రోజులు... ఆ హద్దు దాటి మూడు నెలలు గడిస్తే మందే విలన్ పార్టీలో చేరిపోతుంది. మార్గశిరం నుంచి కనుమ దాకా లెక్క వేసి చూడండి, తెలుస్తుంది. అందుకే మాత్ర వేసుకున్న రోజున క్యాలెండర్లో చిన్న సున్నా చుట్టండి. నెలకి నాలుగైదు రోజులు నొప్పి పెడుతుంటే, నొప్పి రాకుండా ఆపే మందులు వేరే ఉన్నాయి, డాక్టర్ని అడగండి. అవి పనిచేయడానికి వారాలు పడుతుంది. కనుక భోగి ముందు రోజు కాదు, కార్తీకంలోనే వెళ్ళాలి. ప్రొప్రనొలాల్ లాంటి మందు ఆస్తమా ఉన్నవాళ్ళకి పనికిరాదు. పక్కింటాయన చీటీ చూపించి కొనుక్కోకండి.

సినిమా మానెయ్యమంటానా? నా నోటితో ఆ మాట రాదు! మ్యాటినీకి వెళ్ళండి. కడుపు నిండా తిని వెళ్ళండి. నీళ్ళ సీసా దగ్గరుంచుకోండి. ముందు వరసలు కుర్రాళ్ళకి వదిలి వెనక కూర్చోండి. మందుల షాపులో ఇయర్ ప్లగ్గులు దొరుకుతాయి. బీచి ఎండలో హీరోలాగా నల్లకళ్ళద్దాలు పెట్టుకోండి. ఇంట్లో మాత్రం తీసెయ్యండి, అలవాటైతే మామూలు వెలుతురు కూడా గుచ్చుతుంది.

ఒక్క హెచ్చరిక. పిడుగు పడ్డట్టు క్షణాల్లో ముంచుకొచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, కాలూ చెయ్యీ పడిపోవడం, తలకి దెబ్బ తగిలాక వచ్చే నొప్పి, యాభై దాటాక తొలిసారి వచ్చిన నొప్పి... వీటికి మాత్రలూ, మైగ్రేన్ అనే సర్దుబాట్లూ వద్దు. పండగని చూడకుండా కేజీహెచ్‌కో, దగ్గరున్న పెద్దాసుపత్రికో పరుగెత్తాల్సిందే.

మిగతా రోజుల్లో తొందరేముంది? మొదటి రోజు మొదటి ఆట చూస్తేనే అభిమాని అనే రూలు ఎవరూ రాయలేదు. బొమ్మ బాగుంటే రెండో వారం కూడా ఆడుతుంది. బాగుండకపోతే... డబ్బిచ్చి మరీ తలనొప్పి కొనుక్కోవడం దేనికండీ?