ఇరువైపుల తొడుగదగిన కుళ్ళాయి



కుట్టుపని యనగానే మనకు రవికలు, పిల్లల చొక్కాలు, దిండు గలేబులు తోచును గాని కుళ్ళాయి తోచదు. అది పురుషుల వేషమనియు, పరదేశపుటలవాటనియు మనవారి తలంపు. కన్నడ రాజసభకు బోయి కుళ్ళాయి పెట్టుకొనవలసి వచ్చినందులకు శ్రీనాథుడెంత విసిగికొనెనో, ఆయన పేర వాడుకలోనున్న చాటుపద్యము నెఱిగినవారికి విశదమే. అయినను స్త్రీకి సైతము కుళ్ళాయి యావశ్యకమగు సమయ మొకటి కలదు. ఈ నెల దానినిగూర్చియే వ్రాయుచున్నాను.

మూసీనదిపై 1578లో కుతుబ్‌షాహీలు కట్టించిన పాతవంతెన పేరనే మా పురానాపూల్ పేట వెలసినది. ఇచట మా వీథిలోనే నా చెలి యొకతె క్యాన్సరునకు చికిత్స పొందుచున్నది. మన పెద్దలు దీనిని రాచపుండనిరి. దీనికిచ్చు కీమోథెరపీ మందులలో పెక్కు త్వరత్వరగా పెరుగు కణములను చంపును. వెండ్రుకల మొదళ్ళలోని కణములును అట్టివే యగుటచేత, చికిత్స మొదలైన రెండు మూడు వారములకు జుట్టు రాలనారంభించును. చికిత్స ముగిసిన కొన్ని నెలలకు సాధారణముగా మరల మొలచును. కాని యా నడుమ కాలము గడచుటెట్లు? పూర్వము వితంతువులకు తల గొఱిగించిన దురాచారము మన మనసులనుండి నేటికిని పూర్తిగా పోలేదు. చూడవచ్చిన ముత్తైదువలు కొందఱు, ఆమె భర్త యెదుటనే యుండగా, బొట్టు పెట్టబోయి చేయి వెనుకకు తీసికొనుట నేను చూచితిని. నాటినుండి ఆమె వసారాలోనికి వచ్చుట మానెను.

కొంగు కప్పుకొనిన చాలదా యందురేమో. కొంగు జాఱును; నిద్రలో నిలువదు. జుట్టు రాలిన చర్మము మిక్కిలి సున్నితమై, గరుకు కుట్టు రాచుకొనినను బాధించును. అంగడి టోపీలు పెక్కింటిని త్రిప్పి చూడుడు: పైన అందము, లోపల మోటుకుట్లు. ఇరువైపుల తొడుగదగిన కుళ్ళాయిలో కుట్లన్నియు రెండు పొరల నడుమ దాగును గనుక, ఏ వైపు లోపలికి పెట్టినను తలకు తగులునది నునుపైన గుడ్డయే. మన దక్కనులో నేసిన మష్రూ వస్త్రమునకు పైన పట్టు మెఱయును, లోపల నూలు మేనికి తగులును. తొడుగుకొనువారి సుఖము లోవైపున నున్నదని ఆ నేతగాండ్రెఱుగుదురు.

ఇక పద్ధతి. తెల్లని మల్లుగుడ్డ అరమీటరును, ఆమె మెచ్చు రంగులో మెత్తని నూలుగుడ్డ అరమీటరును తెచ్చుకొనుడు. నేను పత్తర్‌గట్టిలో చిలుకపచ్చ గుడ్డ కొంటిని. కత్తిరింపకముందే రెంటిని వేర్వేఱుగా ఉతికి ఆరవేయవలెను; లేనిచో తరువాత నూలు కుదించుకొనును, రంగు దిగి తెలుపున కంటును.

జుట్టు రాలిన పిమ్మటనే తల చుట్టుకొలత తీయుడు. దానికి అరయంగుళము వదులు చేర్చుడు. మా చెలికి అట్లు 22 అంగుళములైనది. బడిపిల్లలు వల్లించు 22/7 లెక్క యిచట నక్కఱకు వచ్చును: 22 అంగుళముల చుట్టునకు అడ్డుకొలత 7 అంగుళములు. అన్నివైపుల కుట్టునకై అరయంగుళము విడువగా, నడినెత్తికి 8 అంగుళముల గుండ్రని ముక్కయు, ప్రక్కలకు 23 అంగుళముల పొడవు, 6 అంగుళముల వెడల్పు గల పట్టీయు కావలెను. ఇట్టివి మల్లుతో నొక జత, రంగుగుడ్డతో నొక జత కత్తిరింపుడు.

పట్టీ కొనలు కలిపి కుట్టి, దాని పై యంచును గుండ్రని ముక్కకు చేర్చి కుట్టుడు. వంపు సరిగా నిలుచుటకై కుట్టు తెగకుండ అంచున చిన్నచిన్న గాట్లు పెట్టుడు. రెండు కుళ్ళాయిలు సిద్ధమైన పిదప, మంచివైపులు ఎదురెదురుగా నుండునట్లు ఒకదానిలో నొకటి చొప్పించి, మూడంగుళముల సందు మాత్రము విడిచి క్రిందియంచు చుట్టును కుట్టుడు. ఆ సందునుండి మొత్తమును వెలికి త్రిప్పి, సందును కనబడని చేతికుట్టుతో మూయుడు. అంచు వెంబడి సన్నని కుట్టు మఱియొకటి వేసినచో పొరలు కదలవు. ఎలాస్టిక్ వేయరాదు, అది నొక్కి నొసట గీఱలు పడును.

రెండు కుళ్ళాయిలు కుట్టుట మేలు. ఒకటి ఉతికి ఆరునంతలో మఱియొకటి యుండును. మా చెలి యింట తెల్లవైపును, ఆసుపత్రికి పోవునపుడు పచ్చవైపును పైకి త్రిప్పుకొనుచున్నది. రెడ్‌హిల్సులోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రికి జిల్లాలనుండి బీదస్త్రీలెందఱో వత్తురు. చేతిపని తెలిసిన మనకు వారి నిమిత్తము ఒక మధ్యాహ్నము వెచ్చించుట భారము కాదు.

ఒక్క మనవి. మీ చెలికి కుళ్ళాయి నిచ్చుటకు పోవునపుడు కుంకుమభరిణెను మఱవకుడు. ముందు బొట్టు పెట్టి, పిమ్మట కుళ్ళాయి తొడుగుడు.