చిట్టా ముందు, ఆవర్జా వెనుక



మన అనంతపురపు మెట్టసీమలో మేఘమును నమ్మి వేరుసెనగ విత్తినవారికి, పంట తప్పిన యేట కూలియే దిక్కు. ఉపాధి హామీ పథకమును 2006వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీని నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగుగారు మన నార్పల మండలమందలి బండ్లపల్లెలోనే ప్రారంభించిరి. క్రమముగా ఆ కూలి చేతికి గాక ఖాతాలకు చేరసాగెను. ఖాతాలెక్క వ్రాయునది కంప్యూటరు. లెక్క నడుమ విద్యుత్తు ఆగినచో ఆ కూలి యేమగును?

సమాధానము పాతకాలపు అంగళ్లలోనే కలదు. వర్తకుడు ప్రతి బేరమును మొదట చిట్టాలో వరుసగా వ్రాసి, పిమ్మట ఆవర్జాలో ఎవరి పద్దున వారిది ఎక్కించును. ఆవర్జా చెడినను చిట్టాను జూచి దిద్దుకొనవచ్చును. డేటాబేసునకు జర్నల్ అనునది అట్టి చిట్టాయే. మార్పునకు ముందటి మొత్తమును, తరువాతి మొత్తమును అందు నిలిచియుండును.

ఒక ఖాతాలో సొమ్ము తగ్గించి వేరొక ఖాతాలో హెచ్చించుట రెండు పనులుగా దోచినను ఒక్క వ్యవహారమే. రెండును ముగిసిననే ఖరారు. దీనినే కమిట్ అందురు. నడుమ ఆగినచో చిట్టాను బట్టి మొదటి పనియు రద్దగును. మూడుముళ్లు పడనిదే పెండ్లి కాదుగదా!

ఈ భద్రత యూరక రాదు. కంప్యూటరు జ్ఞాపకములోనిది విద్యుత్తుతోడనే పోవును గావున, చిట్టా డిస్కుపై పడువఱకు ఖరారు వేచియుండవలెను. వేయిమంది కూలిని ఒక్కొక్కటిగా ఖరారు చేసిన వేయిమార్లు నిరీక్షణము. నూరేసి కలిపి చేసిన పదిమార్లే. బావికి చెంబుతో పలుమార్లు పోవుటకంటె బిందెతో నొకమారు పోవుట మేలు. అట్లని వేయింటిని ఒక్క మూటగా గట్టినచో, ఖరారగువఱకు ఆ పద్దులకు తాళము పడియుండును. ఆ పద్దులతో పనిగల తక్కినవారు ఆగవలెను. విఘ్నము కలిగిన అంతయు మొదటికి వచ్చును. బిందెయు మోయగలిగినంతయే యుండవలెను.

వేగమునకై చిట్టాను మానివేయువారును గలరు. మూలప్రతి వేరుగా భద్రమై, మరల ఎక్కించుకొనదగిన లెక్కలకు అది చెల్లును; కూలిపద్దులకు చెల్లదు. కరవుసీమలో ఒకనాటి కూలి ఒకనాటి గంజి. క్షణమాలస్యమైనను పద్దు తప్పరాదు.

మీరును ఫోనులో సొమ్ము పంపుచుండగా తెర నిలిచిపోయినచో, తొందరపడి మరల పంపకుడు. మొదటిది ఖరారై యుండవచ్చును. ముందు ఖాతా చూచుకొనుడు, పిమ్మట పంపుడు.