చాట అల్లే చేతిని 'గృహిణి' అని రాసిందెవరు?



మన వాడలకు ఏ సర్వే వచ్చినా ముందు మగోని పని అడుగుతారు. కూలి అంటే కూలి అని రాసుకుంటారు. తర్వాత ఆడమనిషి వైపు తిరిగి "మరి నువ్వేం చేస్తావమ్మా?" అంటారు. మన అమ్మలు, అక్కలు చెప్పే జవాబు అందరిదీ ఒకటే: "నేనేం చేస్తా సార్, ఇంట్లోనే ఉంటా." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె చేతిలో కత్తి ఉంటాది. ముందర నానబెట్టిన ఈత బరిగెలు ఉంటాయి. పక్కన సగం లేచిన గంప ఉంటాది. అయినా కాగితం మీద పడేది 'గృహిణి' అనే.

తప్పు మన అమ్మది కాదు. ఆమె పనిని పని అని ఇన్నేండ్లలో ఎవరూ పిలవలేదు, అందుకే ఆమె కూడా పిలవదు. కానీ ఆ ఒక్క మాటతో మన ఇండ్లు ఏం పోగొట్టుకుంటున్నాయో లెక్క తీయాల్సిన టైమ్ వచ్చింది.

మాది కౌతాళం మండలం. మేం ఎరుకలోళ్లం. డిగ్రీ చదివి వచ్చినాక కూడా నాకు మా అమ్మ అల్లినంత నున్నగా గంప అంచు కట్టడం రాదు. అది ఎంత పనో ముందు చెప్తా, వినండి.

పొద్దున్నే కసువు నూకి, నీళ్లు పట్టి, వంట చేసి, పిల్లల్ని బడికి తోలి, అప్పుడు వంక గట్టుకు పోవాల. ఈత మట్టలు కోయాల. మట్ట మొదట్లో ఉండే ముళ్లు సూదుల మాదిరి దిగుతాయి. ఆకు దూసి, ముల్లు గీకి, మోపు కట్టి నెత్తిన పెట్టుకుని ఇంటికి రావాల. బరిగెను నిలువునా చీల్చి, నీళ్లలో నానేసి, లావుది వేరే, సన్నది వేరే చేయాల. లావుది అడుగుకూ నిలువు పుల్లలకూ పోతాది, సన్నది అల్లికకు పోతాది. అడుగు కట్టడం, గోడ లేపడం, అంచు బిగించడం. అంచు వదులైతే వారంలో గంప విడిపోతాది. దూసిన ఆకు కూడా పారేయరు. చాపకు, పొరకకు వాడతారు. చాటకైతే వెదురు కావాల. అది మా మండలంలో అడవి లేదు కాబట్టి డబ్బు పెట్టి కొనాల్సిందే. అల్లినాక కొన్న ఇంటోళ్లు కాగితం, మెంతులు నానబెట్టి రుబ్బి చాటకు పూస్తారు, సందులు మూసుకుని పిండి కారకుండా.

ఇది మా ఇంటి మాట. సుగాలి తండాల్లో అక్కలు పాత చీరలన్నీ పరిచి కుట్టే బొంత చూడండి. వానకాలం రాకముందు మట్టి మిద్దె మీద చౌడు మోసి పరిచే ఆడోళ్లను చూడండి. ఈ పనులు ఆగిపోతే ఇల్లు కురుస్తాది, చలికి పిల్లలు వణుకుతారు, గింజ చెరగడానికి చాట ఉండదు. కానీ వీటన్నిటికీ కలిపి పెట్టిన పేరు 'ఇంటి పని'. ఇంటి పని అంటే కూలి లేని పని.

ఇది సర్వే సారు ఒక్కడి పొరపాటు అనుకోవద్దు. ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది. జాతీయ నమూనా సర్వేల్లో మనిషి చేసే పనికి ఒక కోడ్ రాస్తారు. కోడ్ 92 అంటే ఇంటి పని మాత్రమే చేసే మనిషి. కోడ్ 93 అంటే ఇంటి పనితో పాటు కట్టెలు, మేత తెచ్చుకోవడం, ఇంటి వాడకానికి కుట్టడం, అల్లడం, నేయడం చేసే మనిషి. ఈ రెండు కోడ్‌ల వాళ్లూ శ్రామికుల లెక్కలోకి రారు. అమ్మకానికి అల్లితే స్వయం ఉపాధి కింద రాయాల. కానీ ఇంటి గడప దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో ఫారం నింపే మనిషికి, ఇంటికోసం అల్లిన గంపకూ సంతకు పోయే గంపకూ తేడా యాడ తెలుస్తాది? రెండూ ఒకే అరుగు మీద, ఒకే చేతిలో తయారైతాయి కదా.

అదే ప్రభుత్వం 2019లో జనం టైమ్ ఎట్ల గడుపుతారని దేశమంతా సర్వే చేసింది. కూలి లేని ఇంటి పని చేసే ఆడోళ్లు ఆ పనికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని, మగోళ్లలో ఆ పని చేసేవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అంటే ఆమెకు ఐదు గంటలు ముందే పోతున్నాయి. గంప అల్లేది ఆ తర్వాత మిగిలిన టైమ్‌లో. మళ్లీ దాన్నే 'ఖాళీ టైమ్‌లో చేసుకునే పని' అంటారు!

ఇప్పుడు మా పక్క ఊరు ఎమ్మిగనూరు చూద్దాం. అక్కడ మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టినాడు. మగ్గం నేసేవాళ్లకు నూలు, అమ్మకం, ఒక గౌరవం ఏర్పడినాయి. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చినారు. దేశంలో చేనేతకు 1985లో ఒక చట్టం వచ్చింది, కొన్ని రకాల బట్టలు మగ్గం మీదే నేయాలని. 2019–20 నాటికి చేనేత గణన 4 సార్లు జరిగింది. మంచిదే. నేత అన్నలతో మాకు పోటీ లేదు, వాళ్ల కష్టాలు ఈ రోజు తక్కువేం కాదు. నేను అడిగేది ఒకటే. దారం నేస్తే నేత అయింది, ఈత నేస్తే ఎందుకు కాలేదు? మా ఊర్లో గంప అల్లే చేతులు ఎన్ని అని లెక్క అడిగినోడు నా ఎరుకలో ఒక్కడు లేడు. ప్లాస్టిక్ బుట్ట వచ్చి మా గంపను తోసేస్తే, మా కోసం చట్టం అడిగినోడూ లేడు.

నేత సంఘం పెట్టిన ఆ రోజుల్లోనే మా తాతలకు మాత్రం పోలీసు రిజిస్టర్ పెట్టినారు. ఈ చరిత్ర మన పిల్లలకు బడిలో చెప్పరు కాబట్టి ఇక్కడ చెప్తా.

మనోళ్లు ఒకప్పుడు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, గింజలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మిన వ్యాపారులు. గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరు దాకా రైలు 1871 నాటికి వచ్చేసింది. రైలు గింజల వ్యాపారాన్ని మింగింది, తెల్లోళ్ల ఉప్పు విధానం ఉప్పు వ్యాపారాన్ని మింగింది. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతి వివరంగా రాసింది. అదే 1871లో నేరస్త జాతుల చట్టం చేసినారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చినారు. అప్పుడు ఆదోని తాలూకా మద్రాసు రాష్ట్రంలో బళ్లారి జిల్లా కింద ఉండేది. బతుకుతెరువు పోగొట్టి, తర్వాత తిరిగే మనిషిని దొంగ అన్నారు. పోలీసు ముందర హాజరు వేయించుకోవాల, ఊరు దాటాలంటే చీటీ కావాల. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టాన్ని 1947లో ఎత్తేసినారు, దేశమంతా 1952 ఆగస్టు 31న. ఉప్పు పోయినాక, తిరుగుడు ఆగినాక, ఇంటి కాడ కూర్చుని చేయగలిగిన పనిగా మనకు మిగిలింది గంప, చాట, పొరక. అది మా 'హాబీ' కాదప్పా. అన్నీ లాక్కున్నాక చేతిలో మిగిలిన బతుకు అది.

ఇక ఊరి ఇండ్ల సంగతి. పురుటి బిడ్డను చాటలో పడుకోబెడతారు. పెండ్లికి కొత్త చాట కావాల. పొరకను కాలితో తొక్కొద్దు, లక్ష్మి అంటారు. పొరక లక్ష్మి అయితే ఆ పొరక కట్టిన ఆడమనిషిని వాకిలి బయటే నిలబెట్టి బేరం ఆడడం ఏం న్యాయం? సినిమాల్లో ఎరుకలసాని చంకన గంప పెట్టుకుని పాట పాడుతుంది. ఆ గంప ఎవరు అల్లినారో ఆ కథకు అక్కర్లేదు. ఈ మధ్య పట్నంలో మన గంపకే రంగు వేసి గోడకు తగిలిస్తున్నారు, ఎకో ఫ్రెండ్లీ అంట. మనకు సంతోషమే. కానీ పట్నం షాపులో ధర అడగకుండా కొనే మనిషి, సంతలో మన అమ్మ దగ్గర పది రూపాయలకు గీచి గీచి అడుగుతాడు. సంతలో కూర్చున్నందుకు ఆశీలు వేరే కట్టాల, గంప అమ్ముడుపోయినా పోకపోయినా.

ప్రభుత్వం ఏం చేయలేదా అంటే, చేసింది. 2023 సెప్టెంబర్ 17న పీఎం విశ్వకర్మ పథకం మొదలైంది. 18 చేతిపనుల్లో బుట్టలు, చాపలు, చీపుర్లు అల్లేవాళ్లు కూడా ఉన్నారు. శిక్షణలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత 2 లక్షల అప్పు. చదవడానికి బాగుంది. ఇప్పుడు మా ఊరికి తెచ్చి చూడండి.

ఒకటి, కుటుంబానికి ఒక్కరికే. ఆ ఒక్క పేరు ఎవరిది పోతాది? ఆధార్, ఫోన్, బ్యాంకు తిరిగే మగోనిది. అల్లేది ఆమె, కాగితం మీద కళాకారుడు ఆయన. ఆమె మళ్లీ గృహిణే.

రెండు, మా పనికి కావాల్సిన పనిముట్టు ఒక కత్తి. అది మాకు ఉంది. మాకు లేనిది ఈత, వెదురు. వంక పోరంబోకులు ఆక్రమణలో పోతున్నాయి, ఈత చెట్లు జేసీబీ కింద పోతున్నాయి. 1927 అటవీ చట్టం వెదురును చెట్టు అంది. 90 ఏండ్ల తర్వాత, 2017లో, అడవి బయట పెరిగే వెదురును ఆ మాట నుంచి తీసేసినారు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురు మీద హక్కు ఇచ్చింది, కానీ అడవిలో బతికేవాళ్లకు. మేం మైదాన గిరిజనులం. మాది 5వ షెడ్యూల్ ప్రాంతం కాదు. కొండచీపుర్లు, చింతపండు కొనడానికి మన్యంలో 1956 నుంచి గిరిజన సహకార సంస్థ ఉంది. కౌతాళంలో మా పొరక కొనేది ఎవరు?

మూడు, శిక్షణ పెట్టినప్పుడు ఊర్లో మనుషులు ఉండాల కదా. దీపావళి పోయినాక కౌతాళం, కోసిగి, పెద్దకడుబూరు ఊర్లు తాళాలు వేసుకుని సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి. పిల్లలు కూడా బడి వదిలి పోతారు. చేతిలో పని ఉన్న మనిషి ఇల్లు వదిలి ఎందుకు పోతాడో అధికారులు ఒక్కసారి ఆలోచించాల. అల్లిన గంపకు కూలి గిట్టి ఉంటే కొన్ని ఇండ్లన్నా తాళం పడకుండా ఉండేవి.

ఇక్కడ మన చదువుకున్న తమ్ముళ్లు ఒక ప్రశ్న వేస్తారు. "అన్నా, కులవృత్తి వదిలించుకోవాలని అంబేడ్కర్‌ను చదివి, మళ్లీ గంప అల్లమంటావా?" మంచి ప్రశ్న. నేను ఎవర్నీ అల్లమనడం లేదు. మా చెల్లెలు నర్సు కావాల, లాయరు కావాల. ఎరుకల బిడ్డ కాబట్టి గంప అల్లాల్సిందే అనే పథకం ఏది వచ్చినా ముందు నిలబడి వద్దంటా. కానీ ఈ రోజు అల్లుతున్న మా అమ్మ వయసు మనిషికి పని వదిలేయమని చెప్పి, చేతిలో ఏం పెడతాం? పని వదిలే స్వేచ్ఛ పిల్లలకు ఉండాల, చేసిన పనికి కూలి అమ్మకు రావాల. రెండూ ఒకటే పోరాటం. 'సంప్రదాయం' అని పొగిడేవాళ్లు రెండూ ఇవ్వరు, ఫోటో తీసుకుని పోతారు.

కాబట్టి మన డిమాండ్లు ఇవి. గ్రామసభల్లో పెట్టండి, తీర్మానం రాయించండి.

1. ఇంటింటి సర్వేలో అల్లే, కట్టే, కుట్టే ఆడోళ్ల పేరు ముందు 'చేతిపని కార్మికురాలు' అని రాయాల. విశ్వకర్మ లాంటి పథకాల్లో పేరు అల్లే మనిషిదే ఉండాల.

2. వంక, చెరువు గట్టు పోరంబోకుల్లో ఉన్న ఈత చెట్ల మట్టలు కోసుకునే హక్కును పంచాయతీ రాసి ఇవ్వాల. ఉపాధి పనుల కింద కొత్త ఈత, వెదురు నాటించాల.

3. సంతలో చాట, గంప, పొరక అమ్మే ఆడోళ్ల దగ్గర ఆశీలు తీసుకోకూడదు. నీడ ఉన్న చోటు ఇవ్వాల.

4. పంచాయతీలు, హాస్టళ్లు, అంగన్‌వాడీలు పొరకలు, బుట్టలు కొనేటప్పుడు ముందు మండలంలో అల్లేవాళ్ల దగ్గర కొనాల. స్వచ్ఛత అని ర్యాలీలు తీసే ఆఫీసులు ఆ ఊడ్చే పొరకను మా దగ్గర కొంటే చాలు. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి వచ్చే జనానికి ప్లాస్టిక్ కవర్ బదులు ఈత బుట్ట అమ్మే చోటు మా ఆడోళ్లకు ఇవ్వాల.

5. శిక్షణలు, రిజిస్ట్రేషన్లు సుగ్గి నుంచి జనం తిరిగి వచ్చినాక, ఉగాది తర్వాత, ఊర్లోనే పెట్టాల.

ఇందులో ఏ ఒక్కటీ కోట్ల రూపాయల పని కాదు. రెండోది, మూడోది అయితే ఒక్క గ్రామసభలో తీర్మానం మొదలుపెట్టొచ్చు.

ఇది చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఈ వారం ఇంట్లో ఒక పని చేయండి. అమ్మ అల్లిన గంపకు ఎన్ని గంటలు పట్టిందో, సంతలో ఎంత వచ్చిందో ఒక నోటుబుక్‌లో రాయండి. ఈత కోతకు పోయి వచ్చిన టైమ్ కూడా కలపండి. పది ఇండ్ల లెక్క చేరితే అది అర్జీ అయితాది, వంద ఇండ్ల లెక్క చేరితే కలెక్టర్ ముందర పెట్టే సాక్ష్యం అయితాది. మళ్లీసారి సర్వే సారు వచ్చి "నువ్వేం చేస్తావమ్మా" అంటే, అమ్మ కంటే ముందు మీరు చెప్పండి: "గంపలు అల్లుతాది సార్. రాసుకోండి."

జోహార్. జై ఆదివాసీ. జై భీమ్.