బ్రోడీ కూడా ఏడ్చింది

చార్లెస్ డార్విన్ పేరు మనందరం బడిలోనే విన్నాం. ఆయన పిల్లల్ని పెంచిన ఆయా బ్రోడీ పేరు ఎంతమందికి తెలుసు?

ఆవిడది స్కాట్లండు. అంతకుముందు నవలా రచయిత థాకరే ఇంట్లో పనిచేసింది. ఆయన భార్యకి మతి చలిస్తే, అక్కడి పసిపిల్లల్ని చూసుకుంది. తర్వాత డౌన్ గ్రామంలోని డార్విన్ ఇంటికి చేరింది.

1851లో డార్విన్ పెద్దకూతురు ఆనీకి జబ్బు చేస్తే, నీటి వైద్యానికి మాల్వెర్న్ తీసుకెళ్లారు. తల్లి ఎమ్మాకి నెలలు నిండుతున్నాయి, వెళ్లలేకపోయింది. బ్రోడీ వెళ్లింది. ఏప్రిల్ 23న ఆ పిల్ల పోయింది. పదేళ్లే.

వారానికి డార్విన్ కూతురి జ్ఞాపకాలు రాసి పెట్టుకున్నాడు. వాటిని చదివి లోకం ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటుంది. బ్రోడీ మాత్రం తట్టుకోలేక ఆ ఏడాదే కొలువు మానేసి వెళ్లిపోయింది. ఆవిడ ఏడుపు ఎవరు రాసి పెట్టారు?

"జీతానికి చేసేవాళ్లకి అంత బాధేమిటి?" అంటారు కొందరు. జీతం స్నానం చేయించినందుకు, అన్నం పెట్టినందుకు. రాత్రంతా ఒళ్లు కాలుతున్న పిల్ల పక్కన కూర్చుంటే పుట్టే మమకారం ఏ జీతంలో వస్తుంది?

మన ఇళ్లలోనూ పిల్ల బడికెళ్లగానే ఆయాని మాన్పించేస్తాం. లెక్క చూసి చివరి నెల డబ్బు చేతిలో పెడతాం. పిల్ల మీద బెంగ పెట్టుకుంటుందేమోనని ఆలోచించం. పుట్టినరోజుకి పిలిస్తే, ఒక ఫోటో ఇస్తే మన సొమ్మేం పోతుంది?

మన బిడ్డని ఇంకొకరు కూడా ప్రేమించారని ఒప్పుకుంటే తల్లి స్థానం ఏమీ తరిగిపోదు.