మీట నొక్కగానే బొమ్మ కదలాలి

పాత వీడియో గేమ్‌ను కొత్త టీవీలో ఆడేటప్పుడు మారియో పదేపదే గోతిలో పడుతుంటే, ఆ తప్పు ఆడేవారి చేతిది కాకుండా టీవీది అయ్యే అవకాశం ఎక్కువ. మీట నొక్కిన క్షణానికీ దాని ఫలితం తెరపై కనిపించే క్షణానికీ నడుమ జరిగే ఈ జాప్యాన్ని ఇన్‌పుట్ ల్యాగ్ అంటారు. చిన్ననాడు సమురాయ్ అనే వీడియో గేమ్ పెట్టెపై ఆడిన ఆటలను నేడు ఎమ్యులేటర్‌తో, అంటే పాత యంత్రం పనితీరును అనుకరించే సాఫ్ట్‌వేర్‌తో, పిల్లలకు చూపదలచిన పెద్దలు ఈ విషయం తెలుసుకోవడం అవసరం.

ఆ ఆటలు సెకనుకు సుమారు 60 ఫ్రేములు, అంటే 60 నిశ్చల చిత్రాలు చూపుతాయి. ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. పిక్చర్ ట్యూబు టీవీ సిగ్నల్ అందుతుండగానే గీత తర్వాత గీతగా బొమ్మను గీసేది. ఎల్‌సీడీ టీవీ మాత్రం ఫ్రేమును దాచుకుని, పెద్ద తెరకు సరిపడా సాగదీసి, మచ్చలు తుడుస్తుంది. పైగా కదలిక నునుపుగా కనిపించేందుకు రెండు ఫ్రేముల నడుమ మరొకటి కల్పించాలంటే తర్వాతి ఫ్రేము వచ్చేదాకా ఆగక తప్పదు. నింటెండో 1984లో విడుదల చేసిన, బొమ్మ తుపాకీతో బాతులను కాల్చే డక్ హంట్ ఆటలో ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక ఫ్రేము పాటు నల్లబడి, ఆ వెంటనే బాతు ఉన్నచోట తెల్లని చతురస్రం మెరుస్తుంది. ఆ మెరుపును తుపాకీ వెంటనే పసిగట్టాలి; అది ఆలస్యంగా వచ్చే ఎల్‌సీడీ తెరల ముందు ఆనాటి తుపాకీ పనిచేయకపోవడానికి ఈ జాప్యం ఒక కారణం.

కనుక మొదటి చికిత్స టీవీకే జరగాలి. సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఎంచుకుంటే పై మెరుగుల్లో చాలావరకు ఆగిపోతాయి. ఆ తర్వాత ఎమ్యులేటర్ వంతు వస్తుంది. ఎమ్యులేటర్లను నడిపే రెట్రోఆర్చ్ అనే సాఫ్ట్‌వేర్‌లో 2018లో చేరిన రన్-అహెడ్ సదుపాయం, ఆటలోనే అంతర్గతంగా ఉన్న జాప్యాన్ని తొలగించడానికి ఆటను తెరవెనుక కొన్ని ఫ్రేములు ముందుకు నడిపి ఆ ఫలితాన్ని ఇప్పుడే చూపుతుంది. ఎన్ని ఫ్రేములు పెట్టాలో తేల్చడానికి ఆటను నిలిపి, గెంతే మీటను నొక్కి పట్టి, ఒక్కో ఫ్రేము జరుపుతూ బొమ్మ కదిలేదాకా లెక్కించి, వచ్చిన అంకెలో ఒకటి తగ్గించాలి. అంతకు మించి పెడితే కదలికలు తెగిపోతాయి, ప్రాసెసర్‌పై భారమూ పెరుగుతుంది. చివరిది జాయ్‌స్టిక్: కంప్యూటర్ దానిని సెకనుకు 125 సార్లు మాత్రమే గమనిస్తే 8 మిల్లీసెకన్ల వరకు ఆలస్యం కావచ్చు, 1000 సార్లు గమనిస్తే ఒక్క మిల్లీసెకనుకు మించదు.

ఈ వరుసను తలకిందులు చేసి ముందుగా ఖరీదైన జాయ్‌స్టిక్ కొనడం డబ్బు దండగ. పిల్లలకు ఆట చేతకాదని తేల్చేముందు, పైసా ఖర్చు లేని గేమ్ మోడ్‌ను ప్రతి ఇంటా ఒకసారి ప్రయత్నించి చూడాలి.