వానతో పని లేని ఎకరం

సంపాదకులకు,

వాయుసేనలో నాలుగేళ్ల కొలువు కరువు జిల్లా కుర్రాళ్లకు వరమన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. అనంతపురంలో సాలుకు పడే వానే సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ వేళకు రాదు. చెనక్కాయకు ఊడలు దిగే రోజుల్లో మబ్బు మొహం చాటేస్తే చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకితే కాయలుండవు. అలాంటి ఇంటికి సైనికుడి పింఛనంటే వానతో పని లేని ఎకరం. పదిహేనేళ్ల సర్వీసుతో దక్కే ఆ ఎకరాన్నే 2022 జూన్‌లో ప్రకటించిన ఈ నాలుగేళ్ల కొలువు పథకం అగ్నిపథ్ తీసేసింది.

జీతం బాగానే ఉంది కదా అంటారు. మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయలు. అందులో 30 శాతం నిధికి పోగా చేతికొచ్చేది 21,000. చివర్లో ఇచ్చే సేవానిధి దాదాపు 11.71 లక్షలు. అందులో సగం కుర్రాడు దాచుకున్నదే. మా వైపు అలాంటి సొమ్ము ఎటు పోతుందో చెప్పాలా? బోరుబావిలోకి!

సేనలకు పడుచు రక్తం కావాలన్న వాదన సబబే. కార్గిల్ సమీక్షా సంఘమూ ఆ మాటే చెప్పింది. కాకపోతే ఏడు నుంచి పదేళ్ల సేవ తర్వాత పారామిలిటరీ దళాలకు పంపమంది, ఇంటికి కాదు. ఇప్పుడు వాయుసేన ఉంచుకునేది 25 శాతం మంది వరకే. కేంద్ర బలగాల్లో 10 శాతం కోటా అని 2022లో అన్నారు గానీ, కోటా ఉన్నంత మాత్రాన కొలువు ఖాయం కాదు. మిగిలిన వాళ్లందరినీ నేరుగా ఆ బలగాల్లోకి తీసుకోమని మీ పత్రికైనా గట్టిగా అడగాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, అనంతపురం